మర్యాదకు పోగొట్టుకున్న గోల్‌కీపర్

ఫుట్‌బాల్ కోచింగ్ కోర్సు పూర్తిచేసిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు సికింద్రాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. నేను ఖతార్‌లో ఇరవై ఏళ్ళకు పైగా కోచ్‌గా పనిచేశానని ఎవరో వాళ్ళకు చెబుతారు. కూర్చోగానే నోట్‌బుక్ తీసి, "సార్, మీ ఫార్మేషన్ ఏంటి?" అని అడుగుతారు. నాకు నవ్వొస్తుంది. ఆ రోజు ఎంతమంది వస్తే అంతమంది, అదే నా ఫార్మేషన్. పదకొండు మంది వస్తే పండగ. పదమూడు మంది వస్తే ఎవరిని కూర్చోబెట్టాలో తెలియక తలనొప్పి.

నేను పనిచేసినవన్నీ కింది డివిజన్ క్లబ్బులు. కప్పులు గెలిచిన కోచ్‌లు పుస్తకాలు రాశారు, అవి చదవండి, మంచివే. కానీ మీలో చాలామంది నాలాగే కింది డివిజన్‌లోనే బతుకు వెళ్ళదీస్తారు. అక్కడ పని ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు తక్కువ. కాబట్టి జీతం, ప్రమోషన్, సర్టిఫికెట్ల సంగతి పక్కన పెట్టి, ఒక ఇంగ్లీషు దొర, ఒక గోల్‌కీపర్, ఒక మేక, ఒక ఫ్రిజ్, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. మీకు కావలసిందంతా అందులో ఉంది.

నా అరబ్బీ

డెబ్బైల్లో, గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగుతున్న రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక కంపెనీ జట్టుకు ఆడుతూ నేను మోకాలు పోగొట్టుకున్నాను. అప్పుడే ఖతార్‌లో ఒక క్లబ్బువాళ్ళు ఇంగ్లీషూ అరబ్బీ వచ్చిన ట్రెయినర్ కోసం వెతుకుతున్నారు. నాకు అరబ్బీ వచ్చు. మా హైదరాబాద్‌లో బార్కస్ అని అరబ్బుల వంశస్థులుండే పేట ఉంది. అక్కడి కుర్రాళ్ళతో పదేళ్ళు ఆడాను. వాళ్ళ దగ్గర నేర్చుకున్న అరబ్బీలో సగం రెఫరీని తిట్టడానికి పనికొచ్చేది, మిగతా సగం భోజనం దగ్గర పనికొచ్చేది. ఉద్యోగానికి ఆ రెండూ చాలన్నారు.

క్లబ్బు ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ వైపు ఉండేది. దాని పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. మేముండేది దోహాలో అల్ మన్సూరాలో. రోజూ జీపులో పోయి వచ్చేవాళ్ళం. దారి పొడుగునా సిమెంటు లారీలు. ఈరోజు చూసిన ఖాళీ స్థలంలో వచ్చే నెల మూడంతస్తులు లేచేవి. మా గ్రౌండ్ ఉత్త ఇసుక. నీళ్ళు చల్లి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీస్తే అదే స్టేడియం. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి ఒక మూల జెండా లేదు. రోడ్డు కాంట్రాక్టరు ఆ మూల మీదుగా కంకర పోసి పోయాడు. ఆ సీజనంతా మా గ్రౌండ్‌కు మూడు మూలలే. అవతలి జట్టు అటువైపు కార్నర్ కిక్ కొట్టాలంటే ముందు లారీలు ఆపాల్సి వచ్చేది.

పెండిల్ దొర

నేను చేరిన మూడు నెలలకు మేనేజర్‌గా పెండిల్ అనే ఇంగ్లీషాయన వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళు, ఎర్రటి ముఖం, చేతిలో రెయిన్‌కోటు. ఎండకు విమానం మెట్లు కాలుతుంటే ఆయన రెయిన్‌కోటు పట్టుకుని దిగాడు. "ఎందుకు సార్ ఇది?" అంటే, "నేను వెళ్ళిన చోటల్లా వానొచ్చింది" అన్నాడు. ఆయన అక్కడున్నన్నాళ్ళలో ఒక్కసారి వాన పడింది. ఆ రోజు ఆయన కోటు ఇంట్లో మరిచిపోయాడు.

ఇంగ్లండ్‌లో నాలుగో డివిజన్ జట్లను నడిపిన మనిషి. ఆ ఊళ్ళ పేర్లు చెబితే ఇంగ్లీషువాళ్ళే "అదెక్కడ?" అంటారట. అయిదు క్లబ్బులు ఆయన్ని తీసేశాయి. ఆ సంగతి దాచేవాడు కాదు, పైగా వేళ్ళు మడిచి వరసగా చెప్పేవాడు. ఒకచోట జట్టు బస్సు ఆయనే నడిపాడు. ఇంకోచోట గడ్డి ఆయనే కోశాడు. జెర్సీలు వాళ్ళావిడ ఉతికేది. జట్టు ఓడిన వారం ఆవిడ ఉతకనని మొండికేస్తే, తరువాతి మ్యాచ్ బురద జెర్సీలతోనే ఆడారట.

మొదటి రోజు ఆటగాళ్ళను వరసలో నిలబెట్టి ఆయన కోసం ఎదురుచూస్తున్నాం. మనిషి లేడు. వెతికితే టాయిలెట్ల దగ్గర దొరికాడు, కుళాయిలు తిప్పి చూస్తున్నాడు. "సత్యం, నీళ్ళు రాని చోట జట్టు నిలవదు" అన్నాడు నాతో. తరువాత వలలు చూశాడు, బంతులు నొక్కి చూశాడు, చివరికి మనుషుల దగ్గరికొచ్చాడు. కోచ్ అనేవాడు పొద్దున్నే చూడాల్సింది ఈ వరసలోనే. దీన్ని ఏ కోర్సులోనూ చెప్పరు, నేను చెబుతున్నాను.

ఆయనకు పొగడటం చేతకాదు. ఎంత గొప్ప గోల్ కొట్టినా "పర్వాలేదు" అనేవాడు. అంతకుమించి మెచ్చుకోలు ఆయన నోట నేను వినలేదు. ఆ మాట కోసం మా సెంటర్ ఫార్వర్డ్ ఏడు నెలలు తిరిగాడు. దొరికిన రోజు ఇంటికి ఉత్తరం రాసుకున్నాడు.

అలాంటి మనిషి పొగిడిన ఒకే ఒక్కసారి కొంప మునిగింది. మా క్లబ్బు ప్రెసిడెంట్ సిమెంటు వ్యాపారి, చేతికి ఎముక లేని మనిషి. కొత్త మేనేజర్‌ని భోజనానికి పిలిచాడు. పెండిల్ ఏం మాట్లాడాలో తోచక, వాకిట్లో కట్టేసున్న మేకను చూసి, "బాగుంది" అన్నాడు. నేను అనువదించాను. మర్నాడు పొద్దున అల్ మన్సూరాలో మేమిద్దరం ఉంటున్న ఫ్లాట్ ముందు ఆ మేక నిలబడి ఉంది, మెడలో తాడుతో. అక్కడ అతిథి ఒక వస్తువును మెచ్చుకుంటే, ఇచ్చేదాకా ఇంటి యజమానికి ముద్ద దిగదు. వద్దంటే అవమానం. పెండిల్ మెట్ల మీద లుంగీలాంటి తువ్వాలు కట్టుకుని మేకనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"సార్, ఇకనుంచి ఏ ఇంట్లోనూ దేన్నీ పొగడకండి" అని గట్టిగా చెప్పాను. గురువుగారిలా వేలెత్తి మరీ చెప్పాను. ఆ వేలు ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

మేకను పట్టిన మనిషి

ఫ్లాట్‌లో మేకను పెట్టుకోలేక జీపులో ఎక్కించి క్లబ్బుకు తీసుకెళ్ళాం. ప్రాక్టీసు మధ్యలో అది తాడు తెంపుకుంది. పద్దెనిమిది మంది ఆటగాళ్ళు దాని వెంట పడ్డారు. మా రైట్ వింగర్ మూడుసార్లు బోర్లా పడ్డాడు. పక్కన ఒకతను పైపుతో గ్రౌండ్‌కు నీళ్ళు పెడుతున్నాడు. పైపు కింద పడేసి, రెండడుగులు పక్కకు వేసి, గాల్లోకి అడ్డంగా దూకి మేక వెనక కాలు పట్టేశాడు. పట్టు విడవలేదు.

"ఎవరతను?" అన్నాడు పెండిల్.

అతని పేరు గంగారాం. జగిత్యాల దగ్గర పల్లెటూరు. వాళ్ళ ఊళ్ళో కబడ్డీలో పేరున్న మనిషి, కాలు పట్టడంలో ప్రత్యేకత. పెండిల్ చెప్పమన్నాడని, గోల్‌లో నిలబడతావా అని అడిగాను.

"బంతి కన్న మ్యాకనే నయం సార్" అన్నాడు గంగారాం. "మ్యాక ఎటు దుంకుతదో కండ్లల్ల సూస్తే ఎర్కయితది. బంతికి కండ్లుంటయా?"

అనువదించాను. పెండిల్, "బంతికి లేవు, తన్నేవాడికి ఉంటాయి. అవి చూడమను" అన్నాడు.

అంతే, గంగారాం గోల్‌కీపరయ్యాడు. ఆ రోజుల్లో కింది డివిజన్‌లో క్లబ్బులో పనిచేసేవాళ్ళను ఒకరిద్దరిని ఆడించుకున్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. పొద్దున గ్రౌండ్‌కు నీళ్ళు పెట్టేవాడు, సాయంత్రం అదే గ్రౌండ్ మీద దొర్లేవాడు. ఎత్తు బంతులు పట్టడం అంతగా వచ్చేది కాదు గానీ, కాళ్ళ దగ్గరికొచ్చిన బంతి వదలడమన్నది లేదు. ఒక్కోసారి బంతితోపాటు మనిషి కాలు కూడా పట్టేసేవాడు. "కబడ్డీ కాదిది, కాలు వదులు" అని నేను గీత దగ్గర నుంచి అరిచేవాణ్ణి.

"మా ఊర్ల అందరు నవ్వుతున్నరట సార్" అన్నాడొకరోజు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చేత్తో పట్టుకుని. "గంగారాం దుబాయ్ పోయి బంతులు పడుతున్నడంట అని. మా అవ్వయితే నమ్ముతనే లేదు. దుబాయ్‌ల గసొంటి పనికి జీతమెవడిస్తడు అంటున్నదట." వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

ఆ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. అతను ఊరు విడిచాక అయిదు నెలలకు కూతురు పుట్టింది. ఇప్పుడు నడుస్తోందట. రెండేళ్ళ కాంట్రాక్టు పూర్తికావస్తోంది. సీజన్ అవగానే చుట్టీ, అంటే సెలవు, ఇస్తానని ప్రెసిడెంట్ మాట ఇచ్చాడు. గంగారాం అప్పటికే ఒక గిలక్కాయ కొని పెట్టె అడుగున దాచాడు. అది నాకూ పెండిల్‌కూ చూపించాడు. పెండిల్ గిలక్కాయ ఆడించి చూసి, "పర్వాలేదు" అన్నాడు.

రెండు ముక్కల మర్యాద

సీజన్‌లో ఇంకా మూడు మ్యాచులున్నాయి. మాకంటే కింద ఒక్క జట్టే ఉంది. అట్టడుగున నిలిస్తే జట్టునే ఎత్తేస్తామని క్లబ్బు కమిటీ చెప్పింది. ఎత్తేస్తే పెండిల్ ఇంటికి. ఆ వయసులో ఇంగ్లండ్‌లో ఆయనకు ఇంకో క్లబ్బు దొరకదు. అయినా గంగారాం గోల్‌లో ఉన్నాడని ధైర్యంగానే ఉన్నాం.

ఆఖరి మ్యాచ్ దోహా వైపు ఒక క్లబ్బుతో. దాని పెద్దను అబూ నాసర్ అనేవారు, అంటే నాసర్ వాళ్ళ నాన్న. పెద్దమనుషులను కొడుకు పేరుతో పిలవడం అక్కడి పద్ధతి. ఆయన మా ప్రెసిడెంట్‌ని, పెండిల్‌ని, నన్ను మర్యాదపూర్వకంగా తన మజ్లిస్‌కు, అంటే ఇంటి ముందరి పెద్ద హాలుకు, భోజనానికి పిలిచాడు. గోడల చుట్టూ దిండ్లు, వాటికి ఆనుకుని ముప్పై మంది పెద్దలు. పెండిల్ నేను చెప్పిన పాఠం ఒంటబట్టించుకుని దేనివైపూ చూడకుండా కూర్చున్నాడు. తివాచీ చూడలేదు, కాఫీ కూజా చూడలేదు. ఆయన చూపంతా తన బూట్ల మీదే.

అబూ నాసర్ అన్నాడు: "మీ గోల్‌కీపర్ చాలా బాగా ఆడుతున్నాడు, మాషా అల్లా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. పెండిల్, "పర్వాలేదు. థాంక్స్ చెప్పు" అన్నాడు.

అక్కడ ఆగాల్సింది. కానీ ముప్పై మంది పెద్దల ముందు ఆ జవాబు నాకు మరీ పొడిగా అనిపించింది. మన దగ్గర ఎవరైనా మీ ఇల్లు బాగుందంటే ఏమంటాం? "మీదే అనుకోండి" అంటాం. చీర బాగుందంటే అంటాం, మామిడికాయలు బాగున్నాయంటే అంటాం. విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. అలా నవ్వి ఊరుకోవడమే మన మర్యాద. నేను హైదరాబాద్ వాణ్ణి, ఆ మాట నోట్లో తిరుగుతూనే ఉంటుంది. బార్కస్ అరబ్బీలో, మంచి నవ్వుతో, మేక సంగతి పూర్తిగా మరిచిపోయి, "మీవాడే అనుకోండి" అన్నాను.

అబూ నాసర్ నా ముఖంలోకి చూశాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. పెద్దలందరూ ఒకరినొకరు చూసుకుని తలలూపారు. మా ప్రెసిడెంట్ ముఖం గర్వంతో వెలిగిపోయింది. పెండిల్ నా చెవిలో, "ఏమన్నావు, అంత సంతోషించారు?" అని అడిగాడు.

"థాంక్స్ చెప్పాను సార్" అన్నాను.

మూడో రోజు ఒక పికప్ వచ్చింది. డ్రైవర్ చేతిలో మా ప్రెసిడెంట్ సంతకం పెట్టిన బదిలీ కాగితం ఉంది. నేను ప్రెసిడెంట్ ఆఫీసుకు పరుగెత్తాను. ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నాడు. "సత్యం! నలుగురిలో మన క్లబ్బు పరువు నిలబెట్టావు. గోల్‌కీపర్‌నే ఇచ్చేశారని దోహా అంతా చెప్పుకుంటున్నారు" అన్నాడు. ఇక నేనేం మాట్లాడను?

అదే సాయంత్రం అబూ నాసర్ దగ్గర నుంచి బదులు బహుమతి వచ్చింది. బీరువా అంత ఫ్రిజ్. నలుగురు మోసుకొచ్చి డ్రెస్సింగ్ రూమ్‌లో నిలబెట్టారు. పెండిల్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్నే గోల్‌లో నిలబెడదాం. వెడల్పు బాగానే ఉంది" అన్నాడు.

ఇదంతా ప్రెసిడెంట్ చేసిన పని అని ఆయన అనుకున్నాడు. నేను కాదనలేదు. తరువాతి రెండు మ్యాచులూ ఓడిపోయాం. రోజూ పక్కన కూర్చుని, "ఈ పెద్దవాళ్ళకు ఆటంటే ఏమిటో తెలియదు" అని ఆయన అంటుంటే నేను తలూపాను. నా వృత్తి జీవితంలో అంతకంటే నీచమైన పని చెయ్యలేదు. తప్పు చేసినందుకు కాదు, ఆ తలూపినందుకు ఇప్పటికీ బాధపడతాను.

కొత్త లెక్క

ఒక శుక్రవారం అబూ నాసర్ క్లబ్బు ముందు నుంచి పెండిల్‌తో జీపులో వెళ్తూ గంగారాంను చూడటానికి ఆగాను. అక్కడ నిజమైన గడ్డి ఉంది. దానికి నీళ్ళు పెడుతున్నాడు. బాగున్నావా అంటే, బాగానే ఉన్నానన్నాడు. తిండి బాగుంది, గది బాగుంది, గదిలో ఏసీ కూడా ఉంది. అన్నీ చెప్పి పైపు వంక చూస్తూ నిలబడ్డాడు.

"నా చుట్టీ పోయింది సార్" అన్నాడు.

"ఎందుకు పోతుంది? రెండేళ్ళు అయిపోతున్నాయిగా?"

"అది పాత కఫీల్ దగ్గరి లెక్క" అన్నాడు. కఫీల్ అంటే వీసా యజమాని. "కొత్త కఫీల్ అంటే కొత్త కాంట్రాక్ట్. మల్ల ఒకటి కాన్నుంచి ఎంచాలె. ఇంక రెండేండ్లు మాఫీ చుట్టీ అన్నడు ఆఫీసుల, చుట్టీ లేదని." పైపు కింద పెట్టి అన్నాడు: "నన్ను ఎందుకిచ్చిండ్రు సార్? నేనేం తప్పు జేసిన? గోలేమన్న ఇడిసిపెట్టిన్నా?"

అతను కోపంగా అడగలేదు. నిజంగానే తన తప్పేమిటో తెలుసుకుందామని అడిగాడు. ఏదో ఒకటి చేస్తానని చెప్పి జీపు దగ్గరికి వచ్చేశాను. జీపులో పెండిల్ కూర్చుని ఉన్నాడు. స్టీరింగ్ పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ, జరిగిందంతా చెప్పేశాను. మేక సంగతి, "మీవాడే అనుకోండి" అన్న మాట, థాంక్స్ అని ఆడిన అబద్ధం, చుట్టీ, అన్నీ.

పెండిల్ నా వైపు తిరిగాడు. ముఖం ఇంకా ఎర్రబడింది.

"ఆటగాళ్ళను మోకాళ్ళకు పోగొట్టుకున్నాను" అన్నాడు. "తాగుడుకు పోగొట్టుకున్నాను. ఒకణ్ణి జైలుకు పోగొట్టుకున్నాను. మర్యాదకు పోగొట్టుకోవడం ఇదే మొదటిసారి." రోడ్డు వైపు చెయ్యి చూపి, "ఆ పెద్దాయన ఇల్లెక్కడ?" అన్నాడు.

"ఇచ్చింది వెనక్కి అడిగితే చాలా తప్పు సార్."

"అడగొద్దు. జరిగింది చెప్పు. నోరు జారింది నీది, నువ్వే మాట్లాడు. నేను పక్కన కూర్చుంటాను."

నా సొంత మాటలు

జుమా నమాజు అయ్యాక మజ్లిస్ అందరికీ తెరిచే ఉంటుంది. పెండిల్ ప్రాక్టీసు నిక్కరులోనే వచ్చాడు. ముప్పై మంది పెద్దలు ఆయన మోకాళ్ళు చూసి మర్యాదగా చూపు తిప్పుకున్నారు. కాఫీ అయ్యాక నేను లేచి నిలబడ్డాను. అప్పటిదాకా నేను మాట్లాడిన అరబ్బీ అంతా ఇంకొకరి మాటలకు అరబ్బీ. నా సొంత మాట చెప్పడం అదే మొదటిసారి.

"పెద్దాయనా, ఇవి దొర మాటలు కావు, నావి. మేమిచ్చిన బహుమతిలో లోపం ఉంది. ఆ మనిషికి సెలవు ఇస్తామని మా ప్రెసిడెంట్ మాట ఇచ్చారు. ఆ మాట తీర్చకుండానే మనిషిని మీకు అప్పగించాం. అది మాకు పరువు తక్కువ. అసలు ఆరోజు మీవాడే అన్నది దొర కాదు, నేను. మా ఊళ్ళో ఆ మాట అందరం అంటాం. ఎవరూ తీసుకోరు."

అబూ నాసర్ కనుబొమలు లేచాయి. "ఎవరూ తీసుకోరా?"

"ఎవరూ తీసుకోరు."

"మరి ఎందుకంటారు?"

ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు. తరువాత పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"నాకెందుకయ్యా గోల్‌కీపర్! నాకొకడున్నాడు, నా చెల్లెలి కొడుకు. మీవాణ్ణి పెట్టి వాణ్ణి కూర్చోబెట్టినప్పటి నుంచి మా చెల్లెలు నా గడప తొక్కడం లేదు. వద్దంటే మీరు నొచ్చుకుంటారని తీసుకున్నాను. పైగా అంత పెద్ద ఫ్రిజ్ ఎక్కడ దొరుకుతుందో తెలియక ఊరంతా తిరిగాను."

అక్కడున్న పెద్దలందరూ నవ్వడం మొదలుపెట్టారు. నేను అనువదిస్తే పెండిల్ కూడా నవ్వాడు. ఇంత పెద్ద పొరపాటును ఇరవై రోజులు రెండు క్లబ్బులూ ఎంతో గౌరవంగా మోశాయి.

అబూ నాసర్ నవ్వు ఆపి సంగతిలోకి వచ్చాడు. "రెండు దారులున్నాయి. మనిషిని ఇప్పుడే తీసుకుపోండి, వచ్చే వారం మ్యాచ్ మీకే ఆడనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కాగితాలు మళ్ళీ మీ పేరుకు మారేసరికి ఎండాకాలం దాటిపోతుంది, సెలవు ఆ తరువాతే. లేదూ, నా పేరు మీదే ఉంచితే ఇక్కడే ఇప్పుడే సంతకం పెడతాను, పాత రెండేళ్ళూ లెక్కలో కలుపుతాను. గురువారం బొంబాయి విమానం ఎక్కుతాడు."

ఆఖరి మ్యాచ్ శుక్రవారం.

నేను పెండిల్‌కు అనువదించాను, ఈసారి ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. మొదటి దారి విన్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. అది నేను చూశాను. రెండోది విని గడ్డం గోక్కున్నాడు.

"అతణ్ణి అడిగావా?"

"లేదు సార్."

"ఇంతమందిలో ఎవరైనా, ఏ రోజైనా, అతణ్ణి అడిగారా?"

ఎవరూ అడగలేదు. మేకను ఇచ్చినట్టు ఇచ్చాం, ఫ్రిజ్ తీసుకున్నట్టు తీసుకున్నాం. గంగారాంను పిలిపించారు. తడి కాళ్ళతో వచ్చి తివాచీ పాడవుతుందని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సంగతంతా తెలుగులో చెప్పాను. అతను నన్ను చూడలేదు, పెండిల్‌ని చూశాడు.

"దొరకు మ్యాచ్ ఉన్నది గద సార్" అన్నాడు. "నేను పోతే ఎట్ల? ఆయన కొలువు పోతది. మ్యాచే ఆడుత తియ్. బిడ్డ యాడికి పోతది, ఎండకాలమైనంక సూసుకుంట."

అది ఇంగ్లీషులో చెప్పాను. పెండిల్ విని, నిక్కరు మీది ఇసుక దులుపుకున్నాడు.

"మావాడు మొదటి అడుగు వేసిన రోజు నేను ఏదో ఊళ్ళో సున్నా సున్నా డ్రా చూస్తున్నాను" అన్నాడు. "అది కూడా మంచి డ్రా కాదు. వెళ్ళమను."

ఏడు–ఒకటి

శుక్రవారం మా గోల్‌లో జట్టు డ్రైవర్ నిలబడ్డాడు. మంచి మనిషి, బంతి వస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు. ఏడు–ఒకటి. మేం కొట్టిన ఆ ఒక్క గోలూ వాళ్ళ గోల్‌లో ఉన్న అబూ నాసర్ మేనల్లుడు వాళ్ళమ్మకు చెయ్యి ఊపుతుండగా వెళ్ళింది. ఆవిడ కారులో కూర్చుని మ్యాచ్ చూసింది. అన్నాచెల్లెళ్ళు కలిసిపోయారు.

మేం అట్టడుగున నిలిచాం, జట్టును ఎత్తేశారు. పెండిల్ ఆరో వేలు మడిచాడు. ప్రెసిడెంట్ గొప్ప భోజనం పెట్టి సాగనంపాడు. మాంసం తింటూ పెండిల్ "పర్వాలేదు" అన్నాడు. నేను అనువదించలేదు. విమానాశ్రయంలో రెయిన్‌కోటు నా చేతిలో పెట్టి, "నేనెళ్ళేచోట ఇంకోటి కొనుక్కుంటాను" అన్నాడు. ఆ కోటు గురించి నేను ఎప్పుడూ ఒక్క మంచి మాట కూడా అనలేదు, అయినా ఇచ్చాడు.

తరువాత నేను చాలా జట్లను నడిపాను. నన్ను కూడా మూడుసార్లు తీసేశారు. ఆటగాళ్ళను కొన్నాను, అమ్మాను, మార్చాను. అబ్బాయిలూ, ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆటగాడి గురించి ఎవరితో ఏ మాట అనేముందైనా వెళ్ళి ఆటగాణ్ణి అడగండి. అడగడానికి అయిదు నిమిషాలు పడుతుంది. నేను ఆ అయిదు నిమిషాలు మిగుల్చుకోబోయి, ఒక మనిషికి రెండేళ్ళు నష్టం చెయ్యబోయాను.

ఆ ఆఖరి మ్యాచ్ అయిన మూడు నెలలకు గంగారాం చుట్టీ నుంచి తిరిగొచ్చాడు. అబూ నాసర్ గ్రౌండ్‌లో నీళ్ళు పెడుతుంటే వెళ్ళి కలిశాను. పెండిల్ కోసం డబ్బా నిండా సకినాలు తెచ్చాడు. ఆయన వెళ్ళిపోయాడంటే డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాట మార్చడానికి బిడ్డ ఎలా ఉందని అడిగాను.

"నన్ను సూసి దాక్కున్నది సార్" అన్నాడు. "మా అవ్వ కొంగెనుక. గిలక్కాయ సూపిన, మిఠాయి సూపిన, రాలే. పట్టుకుందామనుకున్న. మ్యాకను సూసినట్టు కండ్లల్లకు సూసిన. భయమున్నది సార్ కండ్లల్ల. ఇప్పుడు పట్టుకుంటే మల్ల నా దగ్గరికి రాదని ఎర్కయింది. అందుకే పట్టుకోలే. సప్పుడు జెయ్యక వాకిట్ల నిలవడ్డ, గోల్ల నిలవడ్డట్టు. నాలుగొద్దులు గట్లనే."

"తర్వాత?"

"ఐదోనాడు పొద్దుగాల ఎనుక నుంచి అచ్చి నా కాలు పట్టింది సార్. గట్టిగ. ఇడిసిపెడ్తనే లేదు. కబడ్డీల గూడ నన్నెవడు గట్ల పట్టలే." ముఖం తిప్పుకుని పైపు సరిచేసుకున్నాడు. నేనూ గడ్డి వైపు చూశాను. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే.

ఆ సంగతంతా ఇంగ్లీషులో రాసి పెండిల్‌కు పంపాను. ఏమీ కలపకుండా, ఉన్నదున్నట్టు. రెండు నెలల తరువాత ఒక పోస్టుకార్డు వచ్చింది. ముందువైపు వానలో తడుస్తున్న సముద్రపు ఒడ్డు బొమ్మ. వెనక రెండు వాక్యాలు.

"పిల్ల పట్టు పర్వాలేదు. ఎవరికీ ఇచ్చెయ్యకు."